మూడు రిపోర్టులు, మూడు అంకెలు: ఒక డ్రంకెన్ డ్రైవ్ కేసులో ఆల్కహాల్ పరీక్షల సమీక్ష

రాత్రి 9:40 ప్రాంతంలో ఒక కారు మలుపులో అదుపు తప్పింది. ఎదురుగా వస్తున్న బైకును గుద్ది, రోడ్డు పక్క గోడకు తగిలి ఆగింది. బైకు మీద ఉన్న యువకుడికి తొడ ఎముక విరిగింది. కారు నడిపిన వ్యక్తికి 46 ఏళ్లు, బరువు 78 కిలోలు. ఛాతీకి దెబ్బ తగిలింది, నుదుటి మీద గాయం.

ఆ రాత్రి అతని ఒంట్లో ఆల్కహాల్ ఎంత ఉందో మూడుసార్లు, మూడు పద్ధతుల్లో కొలిచారు. ప్రమాదం జరిగిన చోటే 10:05కి బ్రెత్ అనలైజర్ 118 చూపించింది. ఆసుపత్రిలో 10:50కి తీసిన నమూనాకు అక్కడి ల్యాబ్ 112 అని రిపోర్టు ఇచ్చింది. పోలీసుల కోరిక మీద అర్ధరాత్రి దాటాక 12:20కి తీసిన రక్తంలో ఫోరెన్సిక్ ల్యాబ్ 71 అని తేల్చింది. మూడూ 100 మిల్లీలీటర్లకు ఇన్ని మిల్లీగ్రాములు అనే కొలతలోనే ఉన్నాయి.

చట్టపరమైన పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 30, యూరప్‌లో చాలా దేశాల్లో 50, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 80. ఈ కేసుకు వర్తించిన చట్టంలో 80 దాటితే నేరం. 120 దాటితే అది తీవ్ర నేరం, శిక్ష బాగా పెరుగుతుంది. ఇంకో నిబంధన కూడా ఉంది: బండి నడిపిన రెండు గంటల్లోపు తీసిన నమూనాలో పరిమితి దాటినట్టు తేలితే చాలు, నడిపే క్షణంలో ఎంత ఉందో విడిగా రుజువు చేయాల్సిన పని లేదు. కేసు చివరికి ఈ నిబంధన మీదే నిలబడింది.

ప్రాసిక్యూషన్ 120 దాటిన నేరం కింద అభియోగం పెట్టింది. వాళ్ల టాక్సికాలజిస్టు (ఒంట్లో మత్తు, విష పదార్థాలను విశ్లేషించే నిపుణుడు) రిపోర్టు రెండు పేజీలే. ఆసుపత్రి ఇచ్చిన 112ను రక్తంలోని ఆల్కహాల్‌గా తీసుకుని, ఒంట్లో ఆల్కహాల్ గంటకు 15 చొప్పున తగ్గుతుందనుకుని 70 నిమిషాలు వెనక్కి లెక్కగట్టి, ప్రమాద సమయానికి 129 అన్నారు. 71 నుంచి వెనక్కి వెళ్తే 111 నుంచి 124 వస్తోందని, బ్రెత్ అనలైజర్ 118 కూడా దీన్నే బలపరుస్తోందని రాశారు.

ఆల్కహాల్ పరీక్షల నిపుణుడిగా నన్ను సంప్రదించింది డిఫెన్స్ లాయరు, అంటే నిందితుడి తరఫు లాయరు. ఆయన అడిగింది సూటిగా ఉంది. "సార్, ఒకే మనిషికి ఒకే రాత్రి మూడు అంకెలు వచ్చాయి. ఏదీ ఏదానితోనూ కలవడం లేదు. మూడింటినీ కొట్టేయించొచ్చు కదా?"

కలవడం లేదన్నది పైకి కనిపించే మాట. కలవాలా అన్నది ముందు తేల్చాలి. మూడు వేర్వేరు సమయాల్లో మూడు వేర్వేరు పదార్థాలను కొలిచారు: ఊపిరి, సీరమ్ (కణాలు తీసేశాక రక్తంలో మిగిలే ద్రవం), మొత్తం రక్తం. మూడూ ఒకే అంకె చూపించి ఉంటే నేను ఇంకా ఎక్కువ అనుమానించేవాణ్ని. ముడి రికార్డులన్నీ తెప్పించండి, చూశాక నాకు అనిపించిందే రాస్తాను, మీ క్లయింటుకు నచ్చకపోయినా అదే రాస్తాను అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలు లేకుండా ఈ కేసులోని కొన్ని వివరాలు మార్చాను. లెక్కల తర్కం మాత్రం అలాగే ఉంచాను.

ముందు గడియారాలు

ఆల్కహాల్ కేసుల్లో నేను మొదట చూసేది అంకెలను కాదు, సమయాలను. ఎమర్జెన్సీ కాల్ 9:43కి వచ్చినట్టు కాల్ సెంటర్ లాగ్‌లో ఉంది. కాబట్టి ప్రమాదం 9:40కి అన్నది సరిపోతుంది. ఆసుపత్రిలో రక్తం తీసేటప్పుడు మంచం దగ్గరే బార్‌కోడ్ స్కాన్ చేశారు, దాని సమయం 10:50. అది నమ్మదగిన సమయం. పోలీసుల నమూనా దగ్గరే తేడా వచ్చింది. ట్యూబు మీద నర్సు చేతిరాత 12:20 అంటోంది, పోలీసు ఫారంలో 12:50 ఉంది. నర్సు అక్కడికక్కడే రాసింది, ఫారం తర్వాత నింపారు అనుకోవడం సహజమే. కానీ నేను రెండు సమయాలతోనూ లెక్క వేసి పెట్టుకున్నాను.

ఇంకో కాగితం ఎవరూ చదివినట్టు లేదు. అంబులెన్స్ సిబ్బంది రాసిన షీటులో 9:58కి "పేషెంటుకు వాంతి అయింది" అని ఉంది.

ఊపిరి: 118

ఊపిరితిత్తుల్లో రక్తం గాలికి చాలా దగ్గరగా వస్తుంది, రక్తంలోని ఆల్కహాల్‌లో కొంత ఆ గాలిలోకి ఆవిరవుతుంది. హెన్రీ నియమం ప్రకారం, నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ద్రవంలో ఎంత ఉంటే పైన గాలిలో దానికి తగినంత ఉంటుంది. చాలా యంత్రాలు 2100కి 1 అనే నిష్పత్తితో పనిచేస్తాయి: 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉన్నంత ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో ఉందని లెక్క. బ్రిటన్ చట్టంలో పరిమితులు 2300 నిష్పత్తికి దగ్గరగా ఉంటాయి. నిజానికి ఈ నిష్పత్తి మనిషికీ మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో గంట గంటకూ మారుతుంది. తాగినదంతా రక్తంలోకి చేరిపోయాక చాలామందిలో అది 2100 కంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి యంత్రం కాస్త తక్కువ చూపిస్తుంది. అంటే తాగినవాడికే మేలు. తాగిన కొద్దిసేపటికి, కడుపులోంచి ఇంకా రక్తంలోకి చేరుతున్న దశలో మాత్రం ఇది తిరగబడవచ్చు. అప్పుడు ధమనుల్లో ఆల్కహాల్ సిరల్లోకంటే ఎక్కువగా ఉంటుంది. ఊపిరి ధమనుల రక్తాన్ని అనుసరిస్తుంది, సూదితో తీసేది సిరల రక్తం. ఊపిరి ఉష్ణోగ్రత కూడా లెక్కలోకి వస్తుంది. దాన్ని 34 డిగ్రీలుగా అనుకుంటారు, ఒక డిగ్రీ పెరిగితే రీడింగు సుమారు ఆరున్నర శాతం పెరుగుతుంది.

1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తయారుచేసిన బ్రెతలైజర్‌లో పొటాషియం డైక్రోమేట్ ద్రావణం పసుపు నుంచి ఆకుపచ్చకు మారడాన్ని కొలిచేవారు. ఈ కేసులో వాడింది చేతిలో పట్టే ఫ్యూయల్ సెల్ యంత్రం. ప్లాటినం పలక మీద ఇథనాల్, అంటే తాగే ఆల్కహాల్, ఆక్సీకరణ చెంది విద్యుత్తు పుడుతుంది, దాన్ని కొలుస్తారు. షుగర్ వ్యాధి ఉన్నవాళ్ల ఊపిరిలో ఉండే అసిటోన్‌కు ఫ్యూయల్ సెల్ స్పందించదు. మా క్లయింటుకు షుగర్ ఉంది, దాన్ని వాదించొచ్చా అని లాయరు అడిగారు. ఈ యంత్రం విషయంలో ఆ వాదన పనికిరాదని చెప్పాను. ఒకే తరంగదైర్ఘ్యం మీద ఆధారపడిన పాత ఇన్‌ఫ్రారెడ్ యంత్రాల మీద ఆ అభ్యంతరానికి కొంత బలం ఉండేది. అదే వాదనను ప్రతి యంత్రానికీ తగిలిస్తే జడ్జి ముందు మన మాటకు విలువ పోతుంది.

అసలు లోపం వేరే చోట ఉంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ రీడింగును విపరీతంగా పెంచేస్తుంది. అందుకే పరీక్షకు ముందు కనీసం 15 నిమిషాలు మనిషిని గమనిస్తూ ఉండాలి. ఆ సమయంలో తాగడం, తేన్పు, వాంతి ఏదైనా జరిగితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ఇక్కడ 9:58కి వాంతి, 10:05కి పరీక్ష. మధ్యలో ఏడు నిమిషాలే. ఊదించింది కూడా ఒక్కసారే. రెండుసార్లు ఊదిస్తే, నోటి ఆల్కహాల్ వేగంగా తగ్గిపోతుంది కాబట్టి రెండు అంకెల మధ్య తేడా బయటపడేది. దీనికితోడు ఆ యంత్రానికి అక్యురసీ చెక్ చేయాల్సిన గడువు దాటిపోయింది.

గడువు దాటడం చిన్న విషయంగా కొట్టిపారేసేవాళ్లకు న్యూజెర్సీ ఉదాహరణ చెబుతాను. కాలిబ్రేషన్ సమయంలో, అంటే తెలిసిన ద్రావణంతో యంత్రాన్ని సరిచూసేటప్పుడు, ఆ ద్రావణం ఉష్ణోగ్రతను ప్రామాణిక థర్మామీటర్‌తో సరిచూడాల్సిన ఒక్క మెట్టు అక్కడ తప్పింది. దాంతో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో 20,667 బ్రెత్ పరీక్షలను నమ్మదగ్గ సాక్ష్యం కాదని తేల్చింది. ఆ అంకెలన్నీ తప్పని ఎవరూ రుజువు చేయలేదు. అవి సరైనవని చూపించే దారి లేకుండా పోయింది. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ఉన్నవారికి ఆ రెండూ ఒకటే.

తర్వాత చూస్తే ఈ 118 మిగతా రెండు ఫలితాలతో బాగానే సరిపోతోంది. అయినా నా రిపోర్టులో దాన్ని వాడలేదు. అనుకూలంగా ఉన్నప్పుడు లోపాలున్న రీడింగును ఒప్పుకుంటే, రేపు ఇంకో కేసులో అది ఒక నిర్దోషి మీద పడ్డప్పుడు కాదనడానికి నా దగ్గర కారణం ఉండదు.

సీరమ్: 112

ఆసుపత్రి రిపోర్టులో శీర్షిక "బ్లడ్ ఆల్కహాల్". కానీ ల్యాబ్ కొలిచింది రక్తాన్ని కాదు. ట్యూబును తిప్పి కణాలను కిందికి దించి, పైన తేరిన సీరమ్‌ను యంత్రంలో పెట్టారు. ఆసుపత్రులు దాదాపు అన్నీ చేసేది ఇదే. వైద్యానికి అది చాలు. మనిషి స్పృహ తప్పడానికి కారణం మత్తా, తల గాయమా అన్నదే డాక్టరుకు కావాలి. 112 అయినా 98 అయినా ఆయన చేసే వైద్యం మారదు. కోర్టులో మాత్రం ఆ తేడా మీద ఒకరి జైలు శిక్ష ఆధారపడుతుంది.

ఆల్కహాల్ నీరు ఉన్న చోటికి పోతుంది. ఎర్ర కణాల్లో కంటే సీరమ్‌లో నీటి శాతం ఎక్కువ. అందుకే ఒకే రక్తంలో సీరమ్‌ను విడిగా కొలిస్తే అంకె పెద్దదిగా వస్తుంది. సగటున సీరమ్ విలువ మొత్తం రక్తం విలువకు సుమారు 1.14 రెట్లు. 112ను 1.14తో భాగిస్తే 98. నిష్పత్తి మనిషిని బట్టి మారుతుంది కాబట్టి జాగ్రత్త కోసం 1.04 నుంచి 1.26 దాకా వెడల్పుగా తీసుకున్నాను. ఇతని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) 44 శాతం, మామూలుగానే ఉంది. కాబట్టి నిజమైన విలువ మధ్యలోనే ఎక్కడో ఉండాలి. ప్రాసిక్యూషన్ నిపుణుడు ఈ మార్పిడి అసలు చేయలేదు. 120 దాటిందన్న అభియోగానికి ఉన్న బలమంతా అక్కడి నుంచే వచ్చింది.

రెండో ప్రశ్న పద్ధతి గురించి. ఆసుపత్రి యంత్రం ఇథనాల్‌ను నేరుగా చూడదు. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును కలిపితే ఇథనాల్ మారుతూ ఎన్ఏడీ అనే సహాయక పదార్థాన్ని ఎన్ఏడీహెచ్‌గా మారుస్తుంది. 340 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత పీల్చుకుందో చూసి ఆ ఎన్ఏడీహెచ్‌ను కొలుస్తారు. చిక్కేమిటంటే, ఒంట్లో లాక్టేట్ (కణాల్లో చక్కెర విరిగినప్పుడు పుట్టే పదార్థం), దాన్ని మార్చే ఎంజైము రెండూ బాగా పెరిగి ఉంటే అక్కడా ఎన్ఏడీహెచ్ పుడుతుంది. తాగనివాళ్లలో కూడా ఆల్కహాల్ ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. తీవ్ర గాయాలైనవాళ్లలో ఈ ప్రశ్న అడగడం న్యాయమే. ఇతనికి రింగర్ లాక్టేట్ సెలైన్ కూడా ఎక్కించారు. లాయరు దీని మీద బాగా ఆశ పెట్టుకున్నారు. కానీ అదే నమూనాలో లాక్టేట్ లీటరుకు 2.6 మిల్లీమోల్స్. కాస్త ఎక్కువే గానీ, వంద దాటిన రీడింగును సృష్టించేంత కాదు.

మూడోది స్పిరిట్ దూది. సూది గుచ్చే ముందు చర్మం తుడిచిన ద్రవంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంది. ఆరాక గుచ్చితే నమూనా మీద ప్రభావం దాదాపు ఉండదు. కానీ ఆరిందో లేదో చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఇలాంటి అభ్యంతరాలకు మాటలతో జవాబు చెప్పుకుంటూ పోతే గంటలు గడుస్తాయి, ఏదీ తేలదు. మిగిలిన నమూనా దొరికితే ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఆసుపత్రి ల్యాబులు మిగులు సీరమ్‌ను కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచి తర్వాత పారేస్తాయి. అదృష్టవశాత్తూ ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొదటి వారంలోనే దాన్ని భద్రపరచమని ఉత్తరం రాశారు. ఆ చిన్న ట్యూబును ఇరుపక్షాల ఒప్పందంతో వేరే ల్యాబ్‌లో గ్యాస్ క్రోమటోగ్రఫీ చేయించాం. ఫలితం 109. ఎంజైము పద్ధతి చెప్పిన 112కు మూడు శాతం లోపు తేడా. నిల్వలో కొంచెం తగ్గడం మామూలే. గ్రాఫులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సూచించే శిఖరం అసలు కనిపించలేదు, అంటే దూది ప్రశ్న ముగిసింది. క్రోమటోగ్రఫీ ఆవిరిలోని పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేసి చూస్తుంది, లాక్టేట్ ఆవిరి కాదు. కాబట్టి ఆ ప్రశ్నా ముగిసింది.

ఇలాంటి కేసులు చూసే లాయర్లందరికీ, అటువైపైనా ఇటువైపైనా, నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఆసుపత్రికి మొదటి ఉత్తరం మిగులు నమూనా కోసమే రాయండి. డిశ్చార్జ్ సమ్మరీ ఎప్పుడైనా దొరుకుతుంది.

రక్తం: 71

ఫోరెన్సిక్ ల్యాబ్ వాడింది హెడ్‌స్పేస్ గ్యాస్ క్రోమటోగ్రఫీ. రక్తాన్ని పదింతలు పలుచన చేసి, తెలిసిన మోతాదులో ఎన్-ప్రొపనాల్ అనే ఇంకో ఆల్కహాల్ కలిపి, మూత బిగించిన సీసాలో వేడిచేస్తారు. పైన చేరిన ఆవిరిని రెండు వేర్వేరు కాలమ్‌ల (పదార్థాలను వేరుచేసే సన్నని గొట్టాల) గుండా పంపిస్తారు. ఇథనాల్‌ను నేరుగా చదవకుండా, కలిపిన ప్రొపనాల్‌తో పోల్చి చదువుతారు. సీసా మూత దగ్గర కొంత ఆవిరి పోయినా రెండూ కలిసే పోతాయి, నిష్పత్తి నిలబడుతుంది. సరిగ్గా చేస్తే ఈ రంగంలో దీన్ని మించిన పద్ధతి లేదు.

నేను ఒక్క ఫలితాన్ని కాదు, ఆ రోజు నడిపిన బ్యాచ్ మొత్తాన్ని చూశాను. కాలిబ్రేషన్ బాగుంది. ఖాళీ నమూనాల్లో ఏమీ లేదు, అంటే ముందు నమూనా నుంచి అంటుకు వచ్చింది లేదు. కంట్రోళ్లు, అంటే విలువ ముందే తెలిసిన నమూనాలు, హద్దుల్లో ఉన్నాయి. నాలుగు రీడింగులు 70.6 నుంచి 72.1 మధ్య ఉన్నాయి. యంత్రం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు యంత్రం దాకా చేరే ముందు దారి గురించి. ట్యూబు మొదటి నాలుగు రోజులు పోలీస్ స్టేషన్ బీరువాలో, గది ఉష్ణోగ్రతలో ఉంది. పరీక్ష జరిగింది 19వ రోజున. పులిసి ఆల్కహాల్ పుట్టిందన్నది డిఫెన్స్‌లో మామూలుగా వినిపించే వాదన. కాండిడా లాంటి సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను ఇథనాల్‌గా మార్చగలవు. అందుకే ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అది తగినంత ఉంటే ఆ పని ఆగిపోతుంది. పది మిల్లీలీటర్ల ట్యూబులో నాలుగే నింపారు, కాబట్టి ఫ్లోరైడ్ పాళ్లు తక్కువ కావడానికి బదులు ఎక్కువే అయ్యాయి. మిగులు ట్యూబు మీద పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ ఉన్నట్టే తేలింది.

పైగా పులిస్తే అంకె పెరగాలి. ఇక్కడ 10:50కి 98, 12:20కి 71. గంటన్నరలో 27 తగ్గింది, గంటకు 18. పోలీసు ఫారం చెప్పిన 12:50 తీసుకుంటే గంటకు 13.5. చాలామంది శరీరం గంటకు 10 నుంచి 25 దాకా తగ్గిస్తుంది, ఏ సమయం తీసుకున్నా ఇది ఆ హద్దుల్లోనే ఉంది. వేర్వేరు చోట్ల, వేర్వేరు ట్యూబుల్లో, వేర్వేరు పద్ధతుల్లో చేసిన రెండు పరీక్షలు ఒకే గీత మీద పడ్డాయి. లాయరుకు ఫోన్ చేసి చెప్పాను: అంకెలు ఒకదాన్ని ఒకటి కొట్టేయడం లేదు, ఒకదానికి ఒకటి సాక్ష్యం చెబుతున్నాయి.

బీరువాలో నాలుగు రోజులు ఉంచడాన్ని మాత్రం లోపంగానే రాశాను. ఈసారి ఫలితం చెడలేదు. అది ఫ్లోరైడ్ వల్ల, బీరువా వల్ల కాదు.

వెనక్కి లెక్కగట్టడం

ఈ కేసులో నాకు అసలు టెన్షన్ పెట్టింది ఇదే. నమూనా తీసిన క్షణంలో ఎంత ఉందో రసాయన పరీక్ష చెబుతుంది. 9:40కి ఎంత ఉందో చెప్పదు. ఆ మధ్య దూరాన్ని ఊహలతో దాటాలి, ప్రతి ఊహకూ ఒక హద్దు ఉంటుంది.

స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ప్రచురించిన లెక్కలనే నేటికీ వాడుతున్నాం. తాగిన ఆల్కహాల్ బరువును శరీర బరువుతో, ఆల్కహాల్ ఒంట్లో ఎంత మేర పరుచుకుంటుందో చెప్పే విస్తరణ గుణకంతో భాగిస్తే రక్తంలో ఎంత ఉండాలో వస్తుంది. ఆ గుణకం మగవాళ్లలో సగటున 0.68, ఆడవాళ్లలో 0.55. నిందితుడు రెండు పెగ్గులే తాగానన్నాడు. పెగ్గు 60 మిల్లీలీటర్లు, 40 శాతం అనుకుంటే రెండింట్లో కలిపి సుమారు 38 గ్రాములు. 78 కిలోల మనిషికి అది గరిష్ఠంగా 75 దగ్గరికి వస్తుంది, అదీ ఒంట్లో ఏమాత్రం ఖర్చు కాకపోతే. మొదటి ఆర్డరు రాత్రి 7:30కి. 10:50కి అతని రక్తంలో 98 ఉంది. రెండు పెగ్గుల మాట నిలబడదు. మధ్యలో మూడు గంటలకు పైగా ఖర్చైనదాన్ని కలిపితే నాలుగు, నాలుగున్నర పెగ్గులైనా తాగి ఉండాలి. ఇది లాయరుకు ముందే చెప్పాను. కోర్టులో ప్రశ్న వస్తే ఇదే చెబుతానని కూడా చెప్పాను.

కానీ ఎక్కువ తాగాడని తేలడం వేరు, 9:40కి 120 దాటిందని తేలడం వేరు. వెనక్కి లెక్కగట్టాలంటే ఆ సమయానికి ఆల్కహాల్ అంతా కడుపు దాటి రక్తంలోకి చేరిపోయి, అంకె తగ్గుముఖం పట్టి ఉండాలి. చివరి ఆర్డరు 9:12కి నమోదైంది. దాన్ని 9:20కి ఒక్కసారిగా తాగి లేచానని అతను అంటున్నాడు, పక్కన కూర్చున్నవాళ్లూ అదే చెప్పారు. తాగాక శిఖరానికి చేరడానికి సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. కడుపు నిండా తిని ఉంటే రెండు గంటలు కూడా పట్టొచ్చు. 10:50 తర్వాత తగ్గుతోందని మనకు తెలుసు. 9:40కి తగ్గుతోందా, ఇంకా ఎక్కుతోందా అన్నది తెలియదు.

ఇతని విషయంలో ఒక పెగ్గు విలువ రక్తంలో సుమారు 37. అది 9:40కి పూర్తిగా కడుపులోనే ఉందనుకుని, ఖర్చు రేటు గంటకు 10గా తీసుకుంటే అప్పుడు రక్తంలో ఉన్నది 73. అంతా చేరిపోయి, రేటు 25 అనుకుంటే 127. సీరమ్ నిష్పత్తిలో ఉన్న అనిశ్చితిని కూడా కలిపితే హద్దులు సుమారు 60 నుంచి 135 దాకా పోతాయి. తాగిన 20 నిమిషాల తర్వాత కూడా చివరి పెగ్గులో చుక్క కూడా రక్తంలోకి చేరలేదనడం నమ్మశక్యం కాదు. కాబట్టి 80 పైనే ఉండే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. 120 దాటిందా? దాటి ఉండొచ్చు. రుజువైందని మాత్రం చెప్పలేను.

అటువైపు నిపుణుడి మొదటి లెక్కలో నన్ను బాధపెట్టింది గంటకు 15 అనే ఒకే ఒక్క రేటు, ఒకే ఒక్క జవాబు. 129 అని పూర్ణాంకంలో రాస్తే చదివేవాడికి అది కొలిచిన సంఖ్యలా కనిపిస్తుంది. ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడిన చోట హద్దులు లేకుండా అంకె రాయకూడదు. వాళ్లే 71 నుంచి వేసిన రెండో లెక్కలో దిగువ హద్దు 111. అంటే 120 దాటకపోయి ఉండొచ్చని వాళ్ల రిపోర్టే చెబుతోంది.

కోర్టులో

విచారణకు ముందు నిపుణులిద్దరం కూర్చుని మాట్లాడుకోమని జడ్జి ఆదేశించారు. ఇది మంచి పద్ధతి, ప్రతి కేసులో ఉండాలి. ముడి డేటా ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా మాట్లాడాం. సీరమ్ మార్పిడి చేయాలన్నది ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆసుపత్రి రిపోర్టులో "బ్లడ్" అని ఉండడంతో అది మొత్తం రక్తం అనుకున్నానని, ముడి రికార్డులు తనకు ఇవ్వలేదని చెప్పారు. బ్రెత్ రీడింగును వదిలేయాలన్నదీ ఒప్పుకున్నారు. ఇద్దరం సంతకం చేసిన ఉమ్మడి ప్రకటనలో ముఖ్యమైన వాక్యం ఇది: 10:50కి, అంటే ప్రమాదం జరిగిన 70 నిమిషాలకు తీసిన నమూనాలో మొత్తం రక్తానికి సరిపోయే విలువ, అన్ని అనిశ్చితులనూ కలుపుకుని, 82 నుంచి 113 మధ్య ఉంది.

దిగువ హద్దు 82 రావడానికి అన్నిటికంటే తక్కువ రీడింగు 109ని తీసుకుని, అన్నిటికంటే పెద్ద నిష్పత్తి 1.26తో భాగించి, పరీక్షలో ఉండే ఐదు శాతం అనిశ్చితిని కూడా తీసేశాం. నిందితుడికి అనుకూలంగా ఇవ్వగలిగినవన్నీ ఇచ్చాక కూడా 80 దాటింది. ఎగువన ఇవ్వగలిగినవన్నీ ఇచ్చాక కూడా 120 చేరలేదు.

ఫోరెన్సిక్ ల్యాబ్ తరఫున పరీక్ష చేసిన వ్యక్తే వచ్చి సాక్ష్యం చెప్పాలని డిఫెన్స్ పట్టుబట్టింది. 2011లో బుల్‌కమింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇదే సమస్యను చూసింది. అది కూడా రక్తంలో ఆల్కహాల్ రిపోర్టే. పరీక్ష చేసి సంతకం పెట్టిన విశ్లేషకుడి బదులు ఇంకొకరు వచ్చి ఆ రిపోర్టును వివరిస్తే చాలదని అక్కడ తేల్చారు. కాగితాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయలేం, మనిషినే చేయగలం. మా కేసులో విశ్లేషకురాలు స్వయంగా వచ్చారు, ప్రతి ప్రశ్నకూ తన నోట్సు చూసి జవాబిచ్చారు. ట్యూబు నాలుగు రోజులు బయట ఉందని తనకు అందిన రోజే రిజిస్టరులో రాసుకున్నారట. ఆ ఎంట్రీ చూపించారు. ఆవిడ పనితీరు వల్లే 71 మీద ఉన్న అనుమానాలు చాలావరకు పోయాయని నా నమ్మకం.

నా వంతు వచ్చినప్పుడు జడ్జి ఒక ప్రశ్న నేరుగా అడిగారు. "మీరు డిఫెన్స్ పిలిపించిన సాక్షి. ఈయన పరిమితి దాటి తాగి ఉన్నాడంటారా, లేదంటారా?"

"నమూనా తీసే సమయానికి 80 దాటి ఉందండి, దాని మీద నాకు సందేహం లేదు. బండి నడిపేటప్పుడు 120 దాటిందని మాత్రం ఈ రికార్డుల నుంచి ఏ శాస్త్రవేత్తా చెప్పలేరు" అన్నాను.

ప్రాసిక్యూషన్ 120 అభియోగాన్ని ఉపసంహరించుకుంది. రెండు గంటల నిబంధన కింద, 10:50 నమూనా ఆధారంగా 80 దాటిన నేరం రుజువైంది. 12:20 నమూనా రెండు గంటలు దాటాక తీసింది కాబట్టి ఆ నిబంధనకు నేరుగా పనికిరాలేదు. ఆసుపత్రి ఫలితం నమ్మదగినదేనని చూపించే తోడు సాక్ష్యంగా కోర్టు దాన్ని స్వీకరించింది.

తర్వాత ఆ ఆసుపత్రి ల్యాబ్ తన రిపోర్టు నమూనాను మార్చింది. ఇప్పుడు శీర్షికలో "సీరమ్ ఇథనాల్" అని ఉంటుంది, కింద వాడిన పద్ధతి పేరు, వైద్య అవసరాలకు మాత్రమే అన్న మాట ఉంటాయి. పోలీసు ఫారంలో రక్తం తీసిన సమయం గడిని నమూనా తీసినవాళ్లే నింపి సంతకం చేయాలన్న సూచన వెళ్లింది. బైకు నడిపిన యువకుడి నష్టపరిహారం దావాలో కూడా నిపుణుల ఉమ్మడి ప్రకటనే దాఖలైంది. అక్కడ ఆ అంకెలను ఎవరూ ప్రశ్నించలేదు.